ఎడంవైపు మూడు మెలికలు

పోయిన వారం శివరామకృష్ణను మనం సబ్బవరం రోడ్డులోని హెన్రీ మెకానిక్ షెడ్డులో వదిలేసి వచ్చాం. ఒక చేత్తో బండి సీటు ఎత్తి పట్టుకుని, ఇంకో చేతిలో ఫోను పెట్టుకుని, కొయ్యబారిపోయి నిలబడ్డాడు మనిషి. పాపం, వారం రోజులు అలా నిలబెట్టేయడం అన్యాయమే. నిజానికి అతను నిలబడింది అర నిమిషమే. "బేటరీ బాగానే ఉందయ్యా" అని ఏదో గొణిగి, సీటు దించేసి, స్కూటరెక్కి ఉక్కునగరం వచ్చేశాడు. అది శుక్రవారం. అప్పట్నుంచి ఇవాళ ఆదివారం మధ్యాహ్నం దాకా అతను తిన్నది తిండి కాదు, పోయింది నిద్ర కాదు.

ఎందుకో ఇంకోసారి చెప్పుకుందాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా ఉంటారు కదా.

ఇరవై తొమ్మిదేళ్ళుగా స్టీల్‌ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో పనిచేస్తున్న శివరామకృష్ణకు జీవితంలో ఒకటే కోరిక. రిటైరయ్యేలోగా ఒక క్రూజర్ బండి తోలాలి. పెద్ద హేండిలు, కిందికి దిగి ఉండే సీటు, కాళ్ళు ముందుకు చాపుకుని దర్జాగా కూర్చునే బండి. కొత్తది కొంటే భార్య భ్రమరాంబ బతకనివ్వదు కాబట్టి సెకండ్‌హేండ్‌ది చూస్తున్నాడు, అదీ ఇంట్లో తెలియకుండా. బండ్ల విషయంలో అతను నమ్మే మనిషి లోకంలో ఒక్కడే, పక్క క్వార్టరు దేవదానం. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే బస్సు, ఆదివారం వస్తే ఒకే టీవీలో ఒకే మోటారు సైకిల్ రేసు. వరసలేమీ లేకపోయినా పాతికేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారు. "మంచి బండి ఒకటి చూసిపెట్టు బావా" అని శివరామకృష్ణ అతనికే చెప్పాడు.

ఆ దేవదానం ఇప్పుడు కాలికి రాడ్లు వేయించుకుని మంచం మీద ఉన్నాడు. మూడు వారాల క్రితం, ఒక శనివారం, సబ్బవరం రోడ్డు పక్కన నడుస్తుంటే వెనకనుంచి ఒక నల్ల బండి గుద్దేసి ఆగకుండా పోయిందట. పెద్ద హేండిలు బండి, దడదడమనే శబ్దం. అంతకు మించి గుర్తు లేదన్నాడు. అతని భార్య దీవెనమ్మ పోలీస్ స్టేషన్లో కంప్లైంటు ఇచ్చింది. ఆడెవడో తెలిస్తే ముందు నాకే చెప్పాలని శివరామకృష్ణ చేత మాట కూడా తీసుకుంది.

తోడు మంచాన పడ్డాక ఒక్కడే బండ్లు చూడ్డానికి బయల్దేరిన శివరామకృష్ణకు శుక్రవారం హెన్రీ ఒక మెరూన్ రంగు క్రూజర్ చూపించాడు. ఆ కుర్రాడి నోరు ఊరుకోదు. "గేరు సూడండి సార్. ముందొక తొక్కుడు, ఎనకొక తొక్కుడు. కాలి ఏళ్ళతో నొక్కితే ఒక గేరు, మడంతో నొక్కితే ఇంకో గేరు. బూటు మీద గీతైనా పడదు" అని ఊదరగొట్టాడు. శివరామకృష్ణ కళ్ళు మాత్రం టేంకు కింద ఆగిపోయాయి. గోటితో గీకితే మెరూన్ కింద నలుపు బయటపడింది. ఎడంవైపు ఫుట్‌రెస్టు వంగి, సరిచేసిన ఆనవాలు ఉంది. ఎడం హేండిలు కొస రోడ్డుకు రాసుకుపోయి ఉంది.

ప్లాంటులో చేరిన మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. తేడా కనిపిస్తే ముందు చెప్పు, తర్వాతే చెయ్యి పెట్టు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? గబగబా షెడ్డు బయటికొచ్చి, హెడ్ కానిస్టేబుల్ అర్జునరావుకు ఫోన్ చేసి, బండి నెంబరు చెప్పేశాడు. "ఆదివారం నాలుగ్గంటలకి వత్తాను సార్. అంతవరకూ ఆడికి అనుమానం రానీకండి" అన్నాడతను. చెప్పడం అయిపోయాక, అప్పుడు లోపలికెళ్ళి సీటు ఎత్తాడు మన ఘనుడు.

బేటరీని పట్టి ఉంచే రబ్బరు పట్టీ తెగిపోయినట్టుంది. దాని బదులు బైండింగ్ వైరు కట్టారు. ఎడంవైపు మూడు మెలికలు. కొస పైకి లేవకుండా లోపలికి మడిచి, చదునుగా నొక్కేసి ఉంది.

అది శివరామకృష్ణ కట్టు. మిల్లులో అందరూ వైరును కుడివైపు మెలిపెట్టి కొస వదిలేస్తారు. శివరామకృష్ణది ఎడంచేతి వాటం. పైగా ఒకసారి తోటి మనిషి అరచేతిలో ఆ కొస దిగబడి రక్తం కారడం చూశాక, మూడు మెలికలు వేసి కొస మడవడం అతనికి అలవాటైపోయింది. అలా కట్టే మనిషి మిల్లు మొత్తం మీద ఇంకొకరు లేరు. మిల్లు బయట మాత్రం ఒకరున్నారు. పన్నెండేళ్ళ క్రితం పెరట్లో బీర పందిరి వేస్తూ, పదేళ్ళ కూతురు చేతికి కటింగ్ ప్లేరు ఇచ్చి దగ్గరుండి నేర్పింది అతనే.

ఆ కూతురు శ్రీసత్య. గురువారాలూ శనివారాలూ గాజువాకలో బేంకు కోచింగ్‌కని చెప్పి ఇంట్లోంచి బయల్దేరుతుంది.

*

ఆదివారం రెండున్నరయింది. అయిదున్నరకు పెద్ద రేసు. దానికి ముందు జరిగే చిన్న బండ్ల రేసు టీవీలో నడుస్తోంది. దేవదానం ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ గోడవార ఖాళీగా ఉంది. వంటింట్లో భ్రమరాంబ గిన్నెలు సర్దుకుంటోంది. సత్య కింద చాప మీద కూర్చుని, కళ్ళార్పకుండా టీవీ చూస్తోంది.

రెండు రోజులుగా అడగాలని నోరు తెరవడం, మూసేయడం. శుక్రవారం రాత్రి భోజనం దగ్గర అడగబోతే పొలమారింది. శనివారం పొద్దున్న అడగబోతే పిల్ల "నాన్నా, టీ తాగుతావా?" అని నవ్వింది. అంతే, తాగుతానమ్మా అన్నాడు. అడిగితే ఔనంటుందేమోనన్న భయం. ఔనంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. కూతుర్ని పోలీసులకు అప్పగించాలా? పక్క క్వార్టర్లో మంచం మీద మూలుగుతున్న స్నేహితుడి ముఖం మళ్ళీ ఎలా చూడాలి? ఇంక గంటన్నరలో అర్జునరావు షెడ్డుకు వెళ్తాడు. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేడు.

"సత్యా, ఆ సౌండు పెంచు."

"ఇప్పటికే ఎక్కువుంది నాన్నా. అమ్మ అరుస్తుంది."

"అరవనీ. పెంచు."

పెంచింది. గదంతా బండ్ల రొదతో నిండిపోయింది. తెర మీద ఒక రేసరు ఎడంకాలిని దగ్గరగా చూపిస్తున్నారు. కాలివేళ్ళు గేరు రాడ్డు కిందికి దూరి, దాన్ని చటుక్కున పైకెత్తి, మళ్ళీ నొక్కుతున్నాయి. చిన్నప్పుడు సత్య ఇదే చాప మీద కూర్చుని, కుర్చీ కోడు కింద కాలివేళ్ళు పెట్టి అచ్చం అలాగే ఎత్తేది. అప్పుడు తనూ దేవదానమూ పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వులు ఇప్పుడు గుర్తొచ్చి శివరామకృష్ణ తెర మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

"అమ్మా, బండికి బేటరీ పట్టీ తెగిపోయిందనుకో. నువ్వైతే ఏం కడతావ్?"

"ఇదేం ప్రశ్న? దొరికితే పట్టీయే వేస్తాను. లేకపోతే ఏ వైరో కడతాను."

"వైరైతే ఎటువైపు మెలిపెడతావ్?"

సత్య రిమోట్ పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. టీవీలో ఎవరో ఎవరినో దాటేసినట్టున్నారు, జనం కేకలు వేస్తున్నారు. ఆ పిల్ల తల తిప్పలేదు.

"ఎక్కడ చూశావ్?" అంది చిన్నగా.

"హెన్రీ షెడ్డులో. మెరూన్ బండి. నల్లరంగు మీద మెరూన్ కొట్టిన బండి."

"నువ్వక్కడికి ఎందుకెళ్ళావ్?"

"ఎదురు ప్రశ్నలెయ్యకే. అడిగిందానికి చెప్పు." గోడవార ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "ఆ శనివారం నువ్వు కోచింగ్‌కి వెళ్ళలేదు కదూ. బండి నువ్వే తోలావు కదూ. నీ చేత్తో... దేవదానం మావయ్యని..."

ఆ మాత్రం చాలు. సత్య గిరుక్కున తిరిగి తండ్రిని చూసింది. ఆ చూపులో భయం లేదు, తప్పు చేసిన గాభరా లేదు. కన్నతండ్రి తననలా అనుకున్నాడే అన్న బాధ ఒక్కటే ఉంది.

"రెండు రోజులుగా నువ్వు అన్నం మానేసింది ఇందుకా నాన్నా? నేను మావయ్యని రోడ్డు మీద పడేసి పారిపోయాననుకున్నావా?"

"అనుకోలేదమ్మా. భయపడ్డాను."

"రెండూ ఒకటే." ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. వంటింటి వైపు ఒకసారి చూసి, చాప మీద ముందుకు జరిగి, తండ్రి మోకాలి దగ్గరకొచ్చింది. "ఎవరికీ చెప్పనని మావయ్యకి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. మావయ్యని ఎవరూ గుద్దలేదు."

"ఏంటీ?"

"ఎవరూ గుద్దలేదు నాన్నా. ఆ బండి తోలింది మావయ్యే. మలుపులో రోడ్డు మీద ఇసక ఉంది, బండి జారింది. ఎడంవైపుకి పడ్డాడు. నేనూ హెన్రీయే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాం."

శివరామకృష్ణకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. దేవదానం హేండిలు పట్టుకోవడమా? పొద్దు పడమట పొడిచిందంటే నమ్మొచ్చు గానీ!

తొమ్మిదేళ్ళ క్రితం అగనంపూడి దగ్గర దేవదానం బండి పల్టీ కొట్టింది. వెనక కూర్చున్నది దీవెనమ్మ తమ్ముడు, ఇరవై మూడేళ్ళవాడు. అక్కడికక్కడే పోయాడు. తర్వాత వచ్చిన ఆదివారం దేవదానం చర్చిలో లేచి నిలబడి, బైబిలు మీద చెయ్యి పెట్టి, ఈ జన్మలో ఇంక బండి హేండిలు ముట్టనని సంఘమందరి ముందూ ప్రమాణం చేశాడు. ఆ మాట మీదనే దీవెనమ్మ అతనితో మళ్ళీ కాపురం చేసింది. అప్పట్నుంచి అతను ఎక్కేది షిఫ్టు బస్సు. శివరామకృష్ణ స్కూటరెక్కినా వెనకే కూర్చుంటాడు. టీవీలో రేసు చూడ్డం తప్ప అతనికీ బండ్లకీ సంబంధం లేదనే అందరి నమ్మకం.

"వాడెందుకు తోలాడే?" అన్నాడు చివరికి.

సత్య రిమోట్ చేతిలో అటూ ఇటూ తిప్పింది. "మంచి బండి చూసిపెట్టమని ఎవరో అడిగారట. 'ఇంజను సప్పుడు ఇని సెప్పీడం కాదమ్మా, ఒక్కసారి తోలి సూసి గానీ మా శివ బావకి అప్పజెప్పను' అన్నాడు. నేను వద్దన్నాను నాన్నా. నిజంగా వద్దన్నాను."

శివరామకృష్ణ రెండు చేతులతోనూ ముఖం కప్పుకున్నాడు. రెండు రోజులుగా గుండె మీదున్న బరువు దిగింది, నిజమే. పిల్ల చేతికి మట్టి అంటలేదు. కానీ దిగిన బరువు అక్కడే ఆగక, తిరిగొచ్చి అతని నెత్తినే కూర్చుంది. బండి చూసిపెట్టమన్నది తనే. తను అడక్కపోతే దేవదానం ఆ షెడ్డు గడప తొక్కేవాడే కాదు.

"మరి ఎవరో గుద్దారని ఎందుకు చెప్పాడు?"

"అత్త ముఖం చూసి భయపడిపోయాడు. ఎవడో గుద్దేశాడన్నాడు. ఏ బండి అని అత్త అడిగింది. అబద్ధమాడటం వస్తే కదా మావయ్యకి? కళ్ళ ముందున్న బండే చెప్పేశాడు. నల్లది, పెద్ద హేండిలు అని. అత్త స్టేషన్‌కి వెళ్తుందని అనుకోలేదు. పాపం హెన్రీ బెదిరిపోయి బండికి రంగు మార్చాడు. పడినప్పుడు తెగిన బేటరీ పట్టీ బదులు నేనే వైరు కట్టాను."

"అసలు నీకా షెడ్డులో ఏం పని?"

"పని నేర్చుకుంటున్నాను. ఆరు నెలలైంది." ఈసారి తల దించుకోలేదు. "రేసు పెడితే నువ్వూ మావయ్యా తోలేవాళ్ళని చూస్తారు. నేను ట్రాక్ గోడవార పానాలు పట్టుకుని నిలబడే మెకానిక్కుల్ని చూస్తాను. నాకు బేంకు ఉద్యోగం వద్దు నాన్నా. ఆ గోడవార నిలబడాలని ఉంది."

ఇంకో రోజైతే ఈ మాట మీద ఇంట్లో పెద్ద రామాయణం నడిచేది. ఇవాళ శివరామకృష్ణకు అంత తీరిక లేదు. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"అంతేనా? ఇంకేమైనా దాచావా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి తల్లీ. ఇంకోసారి తట్టుకోలేను."

"అంతే. అంతా చెప్పేశాను నాన్నా" అంది సత్య, టీవీ వైపు చూస్తూ.

"అయితే లే. నాలుగ్గంటలకి హెన్రీని పట్టుకోడానికి పోలీసులొస్తున్నారు. పిలిచింది నేనే."

సత్య ముఖం పాలిపోయింది. "అయ్యో నాన్నా! ఏం పని చేశావ్! మావయ్యకి మాటిచ్చాడు, కొట్టినా నోరు విప్పడు వాడు."

శివరామకృష్ణ అప్పటికే ఫోన్ చేస్తున్నాడు. అవతల జీపు శబ్దం మధ్య అర్జునరావు గొంతు హుషారుగా వినిపించింది. "బయల్దేరిపోనాం సార్! దీవెనమ్మగారు కూడా నాతోనే ఉన్నారు. బండి దొరికిందని సెప్పగానే ఆగితేనా! ఆడి మొకం సూడాలని పట్టుబట్టీసినారు. స్పీకర్లో పెట్టినాను, మాటాడండి."

"అన్నయ్యా" అన్న గొంతు వినబడింది. అంతే.

"వస్తున్నానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. ఆమె వింటుండగా ఏం చెప్పగలడు?

*

తండ్రీకూతుళ్ళు స్కూటరు మీద సబ్బవరం దారి పట్టారు. కూర్మన్నపాలెం దాటాక రోడ్డు పక్క కొత్త లేఔట్ల బోర్డులు, వాటి వెనక జీడితోటలు. సత్య ఒక మలుపు దగ్గర తండ్రి భుజం తట్టి, "ఇక్కడే" అంది. అంచున ఇసక ఇంకా అలాగే ఉంది. శివరామకృష్ణ దాని వైపు చూడకుండా స్కూటరు నెమ్మది చేసుకుని పోయాడు.

నిజం చెబితే దేవదానం కాపురం ఏమవుతుంది? చర్చిలో అతను మళ్ళీ తలెత్తుకోగలడా? చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని కుర్రాడు జీపెక్కుతాడు. దారి పొడవునా ఈ రెండు ప్రశ్నలూ అతన్ని తినేశాయి. షెడ్డు వచ్చేసింది గానీ జవాబు రాలేదు.

వీళ్ళు దిగేసరికే జీపు అక్కడుంది. మెరూన్ బండి షెడ్డు మధ్యలో స్టాండేసి ఉంది. అర్జునరావు తాళంచెవితో టేంకు కింద గీకి, నల్లరంగు చూసి తల పంకిస్తున్నాడు. వెనకగది షట్టరుకు తాళం వేసి ఉంది. దాని ముందు హెన్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే వచ్చిన దీవెనమ్మ, భుజాన గుడ్డసంచి వేసుకుని, బండిని తేరిపార చూస్తోంది.

"ఇదే బండి. ఏరా, రంగు మార్చీస్తే పోలీసోళ్ళకి తెలీదనుకున్నావేటి?" అన్నాడు అర్జునరావు.

"నాను ఎవుల్నీ గుద్దలేదు సార్."

"మరెవడు గుద్దినాడు? ఆ రోజు బండెవడు తోలినాడు, సెప్పు."

హెన్రీ సత్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"సెప్పవా? సరే, జీపెక్కు. స్టేషన్లో సెప్దువు గాని." అర్జునరావు అతని రెక్క పట్టుకున్నాడు. కుర్రాడు ఎదురు చెప్పకుండా జీపు వైపు అడుగేశాడు.

శివరామకృష్ణకు ఇంక ఆలోచించే వ్యవధి లేకపోయింది.

"ఆగండి అర్జునరావుగారూ!" అని అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. దీవెనమ్మ ఎదుటికి వెళ్ళి రెండు చేతులూ జోడించాడు. "చెల్లెమ్మా, హెన్రీ తప్పేమీ లేదు. వీడిదే కాదు, ఎవడిదీ లేదు. బావని ఎవరూ గుద్దలేదమ్మా. ఆ బండి తోలింది బావే. జారి పడ్డాడు. బండి చూసిపెట్టమని బావని పంపింది నేను. నీ తమ్ముడు పోయాక ఒట్టు పెట్టుకున్న మనిషి చేత ఒట్టు తప్పించింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, కొట్టాలంటే కొట్టు. నీ దగ్గర ఇంకేమీ దాచను."

అర్జునరావు హెన్రీ రెక్క వదిలేసి బుర్ర గోక్కున్నాడు. "అయితే మరి కేసు? ఇప్పుడు నాను ఏటి రాయాల సార్?"

"రాతలు తరవాత" అంది దీవెనమ్మ.

ఆమె ఏడవలేదు. కూలబడిపోలేదు. శివరామకృష్ణ దారి పొడవునా ఊహించుకున్నవేవీ జరగలేదు. నెమ్మదిగా వచ్చి, అతని జోడించిన చేతులు విడదీసింది.

"నాకు తెలుసన్నయ్యా. ఆయన పడిన రోజే తెలుసు. కంప్లైంటు ఎందుకిచ్చేననుకున్నావు? ఆ బండి దొరికితే అయినా ఆయన తన నోటితో నిజం సెప్తాడని. మూడు వారాలనుంచి మంచం పక్కన కూకుని సూస్తన్నాను. ఆయన సెప్పలేదు. నువ్వు సెప్పినావు."

శివరామకృష్ణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత సేపూ ఎవరి గుండె పగుల్తుందోనని తను వణికిపోయాడో, ఆ మనిషి ఇంత కాలమూ పగిలిన గుండెతోనే తిరుగుతోంది. క్షమించమ్మా అనబోయాడు. దీవెనమ్మ వినిపించుకోకుండా సంచిలో చెయ్యి పెట్టి, ఒక బూటు బయటికి తీసింది. ప్లాంటులో ఇచ్చే నల్ల సేఫ్టీ బూటు. ఎడంకాలిది.

"ఆస్పత్రిలో ఆయన బట్టల్తో పాటు ఇచ్చినారు. ఈ ఏడాది ఇచ్చిన కొత్త జత. వారం వారం నానే పాలిష్ సేత్తాను. కుడిది అద్దంలాగుంటాది. దీన్ని సూడు."

వేళ్ళ మీద, బొటనవేలంత మేర తోలు అరిగిపోయి, లోపలి తెలుపు కనిపిస్తోంది.

"మా తమ్ముడి బూటు మీద కూడా ఇలాగే ఉండేది. గేరు మచ్చ, నాకు తెలీదేటి? బస్సులో తిరిగే మనిషి బూటుకి గేరు మచ్చ ఎలాగొస్తాది? నాలుగు నెలలబట్టి దీని మీద నల్లరంగు రుద్దతానే ఉన్నాను. మళ్ళీ వారానికి మళ్ళీ తెల్లబడిపోతాది. అడగడానికి నోరు రాలేదు." ఆమె బూటును అతని ముందుకు చాపింది. "ఒక్క రోజు తోలితే పడే మచ్చ కాదన్నయ్యా ఇది. ఈ బండి ఎన్నాళ్ళబట్టి తోల్తన్నాడు? ఎక్కడికెల్తన్నాడు? దాచనన్నావు గదా. సెప్పు."

శివరామకృష్ణ బూటు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ మచ్చ తడిమి చూశాడు. తర్వాత బండి వైపు చూశాడు. ముందొక తొక్కుడు, వెనకొక తొక్కుడు. ఈ బండికి వేళ్ళతోనూ మడమతోనూ కిందికి నొక్కడమే గానీ పైకెత్తే పనే లేదు. హెన్రీ ఉన్నమాటే చెప్పాడు. పదేళ్ళు తోలినా దీని మీద బూటుకు గీతైనా పడదు.

గేరు రాడ్డు కింద వేళ్ళు పెట్టి, రోజూ పైకెత్తితే పడే మచ్చ ఇది. మధ్యాహ్నం టీవీలో చూసిన ఎడంకాలు అతని కళ్ళ ముందు మెదిలింది.

దేవదానం నాలుగు నెలలుగా తోలుతున్నది ఈ బండి కాదు.

అతను కూతురి వైపు తిరిగాడు. సత్య బూటు వైపు చూడటం లేదు. తండ్రి వైపూ చూడటం లేదు. అంతా చెప్పేశాను నాన్నా అని గంట క్రితం చెప్పిన ఆ పిల్ల, హెన్రీతో పాటు తాళం వేసిన వెనకగది షట్టరు వైపే చూస్తోంది.